దండెం మీద తేనెపిట్ట గూడు కడుతున్నది, బట్టలు ఏడ ఆరేయాలె?

మందారం_నల్గొండ
మార్చి 9, పొద్దున 7:40
అందరికి నమస్తే. మాది నల్గొండ. ఇంటి ముంగల రెండు మందారాలు, ఒక నూరువరహాల చెట్టు, ఎనుక కరివేపాకు, మునగ. ఎనుక వాకిట్ల బట్టలకని వైరు దండెం కట్టుకున్నం. నాలుగైదు రోజుల సంది ఒక చిన్న పిట్ట, పిచ్చుక కన్న చిన్నగుంటది, ఆ దండానికి చెత్త అతికిస్తున్నది. మొదలు నేను బూజు అనుకొని చీపురుతోని దులిపేసిన కూడ, పాపం. తెల్లారి మళ్ల అదే జాగల అదే చెత్త. నిన్న కుర్చేసుకొని కూసొని చూసిన. ముక్కుల సాలీడు దారం పట్టుకొచ్చుడు, వైరుకు చుట్టుడు, పోవుడు, మళ్ల తెచ్చుడు. ఇప్పుడు సంచి లెక్క ఏలాడుతున్నది, దగ్గర దగ్గర జానెడు ఉన్నది. మా ఆయనేమో ఉగాది ముంగల ఇల్లు దులపాలె, సున్నం ఎయ్యాలె, అది తీసేసి అవతల పడెయ్ అంటుండు. నాకు మనసొప్పుతలేదు. ఇది ఏం పిట్ట, ఎన్ని రోజులు ఉంటది, అప్పటిదాక బట్టలు ఏడ ఆరేయాలె, తెలిసినోళ్లు జర చెప్పుండ్రి.

పాలమూరు_పిట్ట
మార్చి 9, 8:15
అక్కా అది తేనెపిట్ట, సన్‌బర్డ్ అంటరు. గూడు కట్టేది ఆడదే, మగది పక్క కొమ్మ మీద కూసొని పాట పాడుతది, గంతే దాని పని. మగదాన్ని చూసిండ్రా? మన దిక్కు రెండు రకాలు కనిపిస్తయి. ఒకటి ఒళ్లంత నల్లగుండి ఎండ పడితే నీలం మెరుస్తది, మా మహబూబ్‌నగర్ల అదే ఎక్కువ. ఇంకోటి గొంతు ఊదారంగు, రొమ్ముకాడ ముదురు పట్టె, కడుపు పసుపు. ఏదో చెప్తే రోజులు లెక్కేసి చెప్త. అప్పటిదాక దాన్ని మాత్రం ముట్టకుండ్రి, సార్‌కు కూడ చెప్పుండ్రి.

మందారం_నల్గొండ
మార్చి 9, 9:02
పసుపు కడుపుదే తమ్మీ. మగది కూడ ఉన్నది, అయితే అది పాట పాడుతలేదు, పొద్దుగాల లేస్తే మా ఆయన బండి అద్దంతోని కొట్లాట. ముక్కుతోని పొడుసుడే పొడుసుడు, అద్దమంత మరకలు. ఆయన కోపానికి సగం కారణం అదే.

పాలమూరు_పిట్ట
మార్చి 9, 9:30
అద్దంల కనిపించేది ఇంకో మగపిట్ట, నా జాగలకు వచ్చింది అనుకుంటది అది. గూడు కట్టే సీజన్ల ఇట్లనే చేస్తది. అద్దానికి పాత మేజోడు తొడగుండ్రి, రెండు రోజుల్ల మర్చిపోతది.
ఇగ లెక్క. గూడు ఇంక ఒక వారం పడుతదేమో, లోపల మెత్తటి దూది పరవాలె కద. తర్వాత మామూలుగ రెండు గుడ్లు. పొదుగుడు 14 నుంచి 16 రోజులు. పిల్లలు అయినంక 17 రోజులు అటిటుగ గూట్లనే. అంటే మీకు దండెం మళ్ల దొరికేది ఏప్రిల్ మూడో వారంల. నలభై రోజుల పైమాటే అక్కా, ఇంకో దండెం కట్టుకోవాలె తప్పదు.

జడ్చర్ల_డాబా
మార్చి 9, 11:48
నలభై రోజులా!! మా ఇంట్ల అయితే అత్తమ్మ నన్ను పిట్టతోని పాటు గూట్లకు పంపుతది.
కాని అక్కా మీరు అదృష్టవంతులు. నేను మూడేండ్ల సంది డాబా మీద కుండీలల్ల మొక్కలు పెంచుతున్న, తేనెపిట్టలు వస్తయి తాగుతయి పోతయి, ఒక్కటి గూడు కట్టలే. ఆన్‌లైన్ల చక్కెర నీళ్ల ఫీడర్ అని ఎర్రటి ప్లాస్టిక్ది అమ్ముతున్నరు, అది కొని పెడితే గూడు కడతయా? ఎవరన్న వాడిండ్రా?

పాలమూరు_పిట్ట
మార్చి 9, 1:10
అది అమెరికాల హమ్మింగ్‌బర్డ్‌లకు చేసింది చెల్లె, అవి గాల్లనే ఒక్కకాడ నిలబడి తాగుతయి. మన తేనెపిట్టకు కూసునేతందుకు కొమ్మ కావాలె. ఇగ మన ఎండలకు చక్కెర నీళ్లు పూట తిరక్కముందే పులుస్తయి, బూజు పడుతది, చీమలు పడుతయి. ఆ పైసలు పెట్టి రెండు మందారాలు, ఒక దానిమ్మ పెద్ద కుండీల పెట్టుకో. మునగ పూత మీద కూడ మస్తు వాల్తయి. అరటి చెట్టు ఉంటే ఇగ చెప్పనక్కర లేదు, గెల ఏసినప్పుడు పువ్వు కాడనే ఉంటయి పొద్దంత.
ఇంకోటి, పెద్ద పిట్ట తేనె తాగినా పిల్లలకు పెట్టేది ఎక్కువ పురుగులు, సాలీళ్లు. మొక్కలకు మందు కొడుతున్నవా నువ్వు?

జడ్చర్ల_డాబా
మార్చి 9, 1:22
కొడుత అన్నా. మందారానికి పిండినల్లి పడితే దుకాణపాయన ఇచ్చింది కొడుత. అయితే అదేనా కారణం?

పాలమూరు_పిట్ట
మార్చి 9, 1:40
అదొక్కటే అని ఒట్టు పెట్టి చెప్పలేను కాని నువ్వే ఆలోచించు, పిల్లలకు తిండి లేని ఇంట్ల ఎవరు కాపురం పెడతరు. పిండినల్లికి నీళ్ల పైపుతోని గట్టిగ కొట్టు, లేకుంటే వేపనూనె కొంచెం సబ్బునీళ్లల్ల కలిపి పొద్దుమూకి కొట్టు. పువ్వుల మీద పడకుండ.

మిర్యాలగూడ_మేస్టారు
మార్చి 9, 8:55 రాత్రి
అమ్మా మందారం గారూ, మీ వారికి ఒక మాట చెప్పండి. ఉగాదికి ఇల్లంతా దులుపుకుంటాం, నిజమే, నేనూ ముప్పై ఏళ్లుగా కర్రకి చీపురు కట్టుకుని దులుపుతున్నాను (మాది గుంటూరు వైపు, తాతల నాడు సాగర్ కాలవ కింద పొలం కొనుక్కుని ఇటొచ్చాం, అందుకే నా భాష చూసి నవ్వుకోకండి). అయితే ఆ పిట్టకి సిమెంటు, ఇసుక, ఇనుము అన్నీ సాలెగూడే. ఆ దారానికి సాగే గుణం ఉంది, తడిసినా తెగదు, పిల్లలు పెరిగేకొద్దీ సంచీ వాటితో పాటు సాగుతుంది. ప్రహరీ గోడ మూల, మోటారు గది, మెట్ల కింద, ఇలాంటి చోట్ల బూజు వదిలేయండి. ఇల్లు మీది శుభ్రంగా ఉంటుంది, దాని ఇల్లూ లేస్తుంది. మా ఆవిడ మొదట్లో ఒప్పుకోలేదు. ఇప్పుడు మోటారు గదికి "పిట్ట సామాను కొట్టు" అని పేరు పెట్టింది.

మందారం_నల్గొండ
మార్చి 10, పొద్దున 6:50
మేస్టారు మీ మెసేజ్ మా ఆయనకు చదివి వినిపించిన. ఏమనలే. మేజోడు మాత్రం అద్దానికి తొడిగిండు, అది కూడ నాది, ఆయనది కాదు.

బత్తాయి_రైతు
మార్చి 10, రాత్రి 9:15
మాది హాలియా దిక్కు. బత్తాయి తోటల ఆకులు కుట్టే పిట్ట ఉంటది చూసిండ్రా, తోక పైకెత్తుకొని తిరుగుతది, ఆకుపచ్చగ, తల మీద ఇటుక రంగు. దర్జీ పిట్ట అంటం మేము. రెండు మూడు ఆకులు దగ్గరికి గుంజి అంచులకు ముక్కుతోని బొక్కలు పొడిచి దూది దారంతోని కుట్లు ఏస్తది. పోయినేడు ఇంటి పెరట్ల వంకాయ చెట్టుకు కుట్టింది, నేల నుంచి మోకాలెత్తు కూడ లేదు. మా మనుమరాలు వంకాయలు తెంపపోయి చేయి పెడితే లోపల నుంచి బుర్రున ఎగిరింది, పిల్ల జడుసుకున్నది, ఆ సీజన్ అంత ఆ చెట్టు వంకాయలు మేం తినలే, ముదిరి పండిపోయినయి. విత్తనానికి పనికొచ్చినయి లే.
ఆకు కుట్టినా ఆకు ఎండిపోదు, పచ్చగనే ఉంటది, అందుకే కంటికి ఆనదు. పని పట్టినోని చేయి అట్లుంటది.

వనపర్తి_పోరడు
మార్చి 11, 10:20
అక్కా ఒక ఫోటో పెట్టు ప్లీజ్. ఇంక గుడ్లు పెట్టినంక సెల్ఫీ స్టిక్‌కు ఫోన్ కట్టి పైనుంచి వీడియో తీస్తే లోపల కనిపిస్తది, మస్తు వ్యూస్ వస్తయి.

పాలమూరు_పిట్ట
మార్చి 11, 10:41
తమ్మీ ఆ పని చేయద్దు. దాని గూటికి దర్వాజ పైన పక్కకు ఉంటది, దాని మీద చిన్న చూరు కూడ ఉంటది, నువ్వు ఫోన్ దూర్చాలంటే గూడు వంచాల్నే. గుడ్లు పెట్టిన కొత్తల బెదిరితే మళ్ల రాదు, విడిచిపెట్టి పోతది. ఇంకా పెద్ద ప్రమాదం కాకి. మనిషి రోజు ఒక్కకాడికే పోయి తొంగి చూస్తుంటే కాకి చెట్టు మీది నుంచి మనల్ని చూస్తది, మనం చూపించినట్టే అయితది. దూరం నుంచి, కిటికీల నుంచి తీయుండ్రి, ఫ్లాష్ లేకుంట, అడ్డమున్న ఆకులు తెంపకుంట.

వనపర్తి_పోరడు
మార్చి 11, 10:44
సారీ అన్న. వ్యూస్ మాట వాపస్ తీసుకుంటున్న.

అచ్చంపేట_అన్న
మార్చి 12, 7:05
కాకి ముచ్చట వచ్చింది గాబట్టి. మా వాకిట్ల వేపచెట్టు మీద కాకి గూడు ఉన్నది. పోయినేడు మే నెలల చూసిన, నల్లటి మగ కోకిల వచ్చి కాకుల ముంగలనే కూ కూ అని అరిసి రెచ్చగొడుతది, కాకులు రెండు దాన్ని తరుముకుంట పోతయి, అంతల చుక్కల చుక్కల ఆడకోకిల గప్పుచుప్పున వచ్చి గుడ్డు పెట్టి పోతది. కాకి అంత తెలివిగలది, మన చేతిల రొట్టె గుంజుకపోతది, దాని గూట్లనే మోసం. మా నాయిన ఇది చూసి చూసి ఒకటే నవ్వుడు.

ముంబైల_పాలమూరు
మార్చి 12, 11:30 రాత్రి
నాది నారాయణపేట దిక్కు, పనికని ముంబై వచ్చి పన్నెండేండ్లు. ఈడ కిటికీ తెరిస్తే పావురాలు తప్ప ఏం లేవు. బస్తాలకు బస్తాలు గింజలు పోస్తుండె జనం, దాంతోని అవి పెరుగుడు, రెట్టల దుమ్ముకు ఊపిరితిత్తుల జబ్బులు. 2025ల దాదర్ కబూతర్‌ఖానా, అంటే పావురాలకు గింజలు పోసే జాగ, మూసేసిండ్రు, హైకోర్టు దాక పోయింది పంచాయితి, వీధులల్ల లొల్లి లొల్లి. దయ ఉండాలె గాని ఒక్క జాతికే బస్తాలు పోస్తే గిట్లనే అయితది. మీ ఊరి పిట్టల ముచ్చట్లు చదువుతుంటే మా అవ్వ చూరుకు జొన్న కంకులు కట్టుడు యాదికొస్తుంది. రాస్తుండుండ్రి, నేను రాత్రి డ్యూటీ అయినంక చదువుత.

జడ్చర్ల_డాబా
మార్చి 13, 12:15
అన్న చెప్పినంక అడుగుతున్న, గింజలు పెట్టుడు మంచిదా కాదా అసలు? మా మామ రోజు సాయంత్రం కారప్పూస, మిచ్చరు, బ్రెడ్డు ముక్కలు పిట్టగోడ మీద ఏస్తడు, గొరవంకలు కాకులు మస్తు వస్తయి.

పాలమూరు_పిట్ట
మార్చి 13, 1:05
మిచ్చరు బంద్ పెట్టమను మామను. ఉప్పు, నూనె, కారం పిట్ట ఒంటికి మంచిది కాదు, ఇంతంత ప్రాణం అది. బ్రెడ్డుతోని కడుపు నిండుతది గాని బలం రాదు. నూకలు, కొర్రలు, సజ్జలు, పగిలిన జొన్నలు వేయుండ్రి, గుప్పెడు చాలు, గంటల అయిపోయేటంత. మిగిలింది ఊడ్చెయ్యాలె, లేకుంటే తడిసి బూజు పట్టి దాంతోనే రోగం వస్తది, ఎలుకలు వస్తయి. జామపండు సగం కోసి మేకుకు గుచ్చి పెట్టు, పిగిలిపిట్టలు, అదే బుల్‌బుల్‌లు, వస్తయి. కరివేపాకు చెట్టుకు పండిన నల్ల కాయలు కూడ కోయకు, వాటికోసం కోకిలలు సుత వస్తయి.
నన్నడిగితే మన దగ్గర ఎండాకాలం గింజల కన్న నీళ్లే ముఖ్యం. వెడల్పు మట్టి మూకుడు, ఒక ఇంచు లోతు నీళ్లు, మధ్యల కాలు పెట్టేతందుకు ఒక రాయి. నీడల పెట్టు, పిల్లి దాక్కునే పొదకు దూరంగ. రోజు పీచుతోని తోమి నీళ్లు మార్చాలె, నిలువ ఉంటే దోమలు. ఈ చివరిదే ఎవరు చేయరు, మొదటి వారం ఫోటో పెడతరు, రెండో వారం మూకుడుల పాచి.

బత్తాయి_రైతు
మార్చి 13, 8:50 రాత్రి
చివరి లైను నన్నే అన్నట్టున్నది. రేపు కడుగుత.

మందారం_నల్గొండ
మార్చి 20, పొద్దున 7:30
అప్‌డేట్. గూడు అయిపోయింది అనుకుంట. నాలుగు రోజుల కింద ముక్కుల తెల్లగ జిల్లేడు దూది తెచ్చి లోపల పెట్టింది. గూటి బయట ఏమేమి అతికించిందో తెలుసునా, ఎండిన బెరడు ముక్కలు, పురుగుల లద్దెలు, మా మనుమని చాక్లెట్ కాయితం ముక్క ఒకటి, అది ఎండల మెరుస్తది. నిన్నటి సంది లోపలనే కూసుంటున్నది, బయటికి ముక్కు ఒక్కటే కనిపిస్తది, సూది లెక్క. గుడ్లు పెట్టినట్టేనా?
మా ఆయన డాబా మీద కొత్త దండెం కట్టిండు. మోకాళ్ల నొప్పులకు నేను మెట్లు ఎక్కలేనంటే ఇగ ఆయనే ఆరేస్తుండు. సున్నం కూడ ముందర దిక్కే ఏయించిండు.

పాలమూరు_పిట్ట
మార్చి 20, 8:00
పెట్టినట్టే అక్కా. లెక్క ఇయ్యాల్టి సంది రాసి పెట్టుకోండ్రి.
అన్నట్టు ఇయ్యాల పిచ్చుకల దినం, 2010 సంది మార్చి 20న చేస్తున్నరు.

వనపర్తి_పోరడు
మార్చి 20, 9:12
పిచ్చుకలు సెల్ టవర్ల రేడియేషన్‌తోనే చచ్చిపోయినయి కద అన్న, అందరికి తెలిసిందే.

పాలమూరు_పిట్ట
మార్చి 20, 9:45
అందరు అనుకునుడు వేరు, రుజువు అయ్యుడు వేరు తమ్మీ. 2020ల దేశం మొత్తం పక్షుల మీద ఒక పెద్ద రిపోర్టు వచ్చింది, మామూలు జనం రాసిన లక్షల లెక్కలు కలిపి. దాంట్ల పిచ్చుక పెద్ద నగరాలల్ల తగ్గింది గాని దేశం మొత్తం మీద పాతికేండ్లల్ల దాదాపు అట్లనే ఉన్నది అని వచ్చింది, టవర్లే కారణం అనేతందుకు ఆధారం దొరకలేదని కూడ రాసిండ్రు. నా కంటికి కనిపించే కారణం నీకు చెప్త. పెంకుటిండ్లు, దూలాలు, ఫోటోల ఎనుక సందు, ఇవన్ని పోయినయి, స్లాబుల బొక్క ఏడున్నది? వాకిట్ల వడ్లు చెరుగుడు లేదు, నూకలు కింద పడుడు లేదు. పిచ్చుక పిల్లకు మొదటి రోజులల్ల మెత్తటి పురుగులు కావాలె, మందు కొట్టిన లాన్‌ల ఏడ దొరుకుతయి. టవర్‌ను తిడితే మన ఇల్లు మనం చూసుకునే పని తప్పుతది, అందుకే ఆ మాట అందరికి నచ్చుతది.

మిర్యాలగూడ_మేస్టారు
మార్చి 20, 9:40 రాత్రి
పాలమూరు గారి చివరి వాక్యం కొంచెం కటువుగా ఉంది కానీ కాదనలేను. నేను రెండేళ్ల క్రితం చెక్కపెట్టె చేయించాను. ముప్పై రెండు మిల్లీమీటర్ల రంధ్రం, అంటే ఇంచుంబావు. అంతకంటే పెద్దది పెడితే గోరింక దూరి ఆక్రమించేస్తుంది, మొదటి పెట్టెకి అదే జరిగింది. పడమటి ఎండ తగలకుండా, పది అడుగుల ఎత్తులో. ఆరు నెలలు ఎవరూ రాలేదు. మా వాడు బల్లులకి అద్దెకిచ్చారా నాన్నా అని ఏడిపించాడు. ఏడో నెలలో ఒక జంట గడ్డి మోసుకొచ్చింది. ఒక్క జాగ్రత్త, గదిలో గూడు పెట్టుకుంటే సీలింగ్ ఫ్యాను ఆపాల్సిందే. చిన్నప్పుడు మా ఇంట్లో అలా పోయినవాటిని చేతుల్లోకి తీసుకుని నేను ఏడ్చిన రోజులున్నాయి.

జడ్చర్ల_డాబా
ఏప్రిల్ 2, సాయంత్రం 5:18
అర్జెంట్!! మా సందుల బోగన్‌విలియా కొమ్మలు కొట్టిండ్రు, పిగిలిపిట్ట గూడు కింద పడ్డది, రెండు పిల్లలు. ఒకదానికి ఈకలు వచ్చినయి, ఒకటి ఇంక గులాబి రంగు తోలే. ఇంట్లకు తెచ్చిన. పాలల్ల బ్రెడ్డు తడిపి పెట్టమంటున్నరు పక్కింటోళ్లు. మనిషి చేయి తగిలింది ఇగ తల్లి రాదంట నిజమేనా. ఏం చేయాలె త్వరగ చెప్పుండ్రి

పాలమూరు_పిట్ట
ఏప్రిల్ 2, 5:21
పాలు వద్దు. నోట్లె నీళ్లు కూడ పోయకు, ఊపిరి గొట్టంల పోతే అప్పుడే పోతది. చేయి తగిలితే తల్లి రాదు అనేది ఉత్త మాట, పిట్ట వాసన చూసి పిల్లను ఎల్లగొట్టదు. గూడు బాగుంటే అదే గూడు, లేకుంటే చిన్న ప్లాస్టిక్ గిన్నెకో బుట్టకో అడుగున బొక్కలు పెట్టి ఎండుగడ్డి ఏసి, అదే చెట్టు మిగిలిన కొమ్మకు, నీడకు, వైరుతోని గట్టిగ కట్టు. రెండిటిని దాంట్ల పెట్టు. నువ్వు లోపలికి పోయి కిటికీల నుంచి చూడు. పొద్దుండంగనే చెయ్యి, చీకటి పడితే అవి రావు.

జడ్చర్ల_డాబా
ఏప్రిల్ 2, 6:02
పెరుగు డబ్బా కట్టిన. చూస్తున్న. చేతులు వణుకుతున్నయి నాకు.

జడ్చర్ల_డాబా
ఏప్రిల్ 2, 6:31
వచ్చిందిఇఇఇ! మొదలు పక్క తీగ మీద కూసొని ఒకటే అరుపు, తర్వాత రెండోది కూడ వచ్చింది, ముక్కుల పచ్చపురుగు, డబ్బా అంచుమీద కూసొని పెట్టి పోయింది. మా అత్తమ్మ కూడ కిటికీ కాడనే ఉన్నది, స్టవ్ మీద పప్పు మాడింది, ఇద్దరం పట్టించుకోలే.

అచ్చంపేట_అన్న
ఏప్రిల్ 2, 7:10
శాబాష్ చెల్లె. రాత్రికి పిల్లిని చూసుకో.

జడ్చర్ల_డాబా
ఏప్రిల్ 6, పొద్దున 8:00
ఈకలున్నది నిన్న ఎగిరి గోడెక్కింది, తల్లి ఎంబడే తిరుగుతున్నది. చిన్నది లేదు. పొద్దుగాల లేచి చూస్తే డబ్బా ఖాళీ, కింద ఏం కనిపించలే. పిల్లో, పామో, కాకో తెల్వదు. నేను ఏమన్న తప్పు కట్టిన్నా అన్నా?

పాలమూరు_పిట్ట
ఏప్రిల్ 6, 8:25
తప్పేం లేదు చెల్లె. పిగిలిపిట్ట గూళ్లు మనం ముట్టకున్నా చానా పోతయి, అందుకే అది ఒక్క సీజన్ల మళ్ల మళ్ల పెడతది. అది కట్టుకునేది నడుమెత్తు పొదలల్ల, అందరికి అందేటట్టు. నువ్వు కట్టకుంటే రెండూ పోయేటివి. ఇగ కొమ్మలు కొట్టేటోళ్లకు మాత్రం చెప్పాలె, ఫిబ్రవరి నుంచి వానలు పోయేదాక కొట్టేముంగల ఒకసారి లోపల చూసి కొట్టమని.

బత్తాయి_రైతు
ఏప్రిల్ 7, 9:30 రాత్రి
గూళ్ల ముచ్చట నడుస్తున్నది గాబట్టి నా కోపం ఒకటి. మా బాయి మీద ఈతచెట్టు ఉన్నది, వానలు పడ్డంక గిజిగాళ్లు వస్తయి, నీళ్ల మీద ఏలాడేటట్టు కడతయి, పాము దిగలేదు. పోయిన వానకాలం ఒకాయన కారేసుకొని వచ్చి గూళ్లు తెంపిస్తవా డ్రాయింగ్ రూముల ఏలాడదీస్త, పైసలిస్త అన్నడు. సగం కట్టినవి ఉట్టివే కద, పిట్టలు ఇడిసిపెట్టినయి అంటడు. ఉట్టివి కావు సారూ అన్న. మగది టోపీ లెక్క సగం కట్టి ఆపుతది, ఆడది వచ్చి లోపల కూసొని గుంజి చూసి నచ్చితేనే మిగిలిన సగం, కింద గొట్టం. నచ్చకుంటే ఇంకోటి. అది దాని పెండ్లిచూపులు, నువ్వు తెంపుకపోతే ఎట్ల?

పాలమూరు_పిట్ట
ఏప్రిల్ 7, 10:05 రాత్రి
రైతన్నా నువ్వు చెప్పింది పక్షుల శాస్త్రవేత్త సలీం అలీ గారు 1930ల కొంకణ్ తీరంల కిహిం అనే ఊర్ల నెలల తరబడి కూసొని కనిపెట్టిన సంగతి. ఒక గూడు ఒప్పుకున్నంక మగది ఇంకో గూడు మొదలుపెట్టి ఇంకో ఆడదాన్ని పిలుస్తది అని కూడ ఆయననే తేల్చిండు. తర్వాత 1931–32ల నిజాం రాజ్యం అంత తిరిగి మన దిక్కు పిట్టల లెక్క రాసింది కూడ ఆయననే. నువ్వు మీ బాయి గడ్డ మీద కూసొనే చూసినవ్.

ముంబైల_పాలమూరు
ఏప్రిల్ 7, 11:50 రాత్రి
మందారం అక్కా, పిల్లలు అయినయా? రోజు ఇదే చూస్తున్న.

మందారం_నల్గొండ
ఏప్రిల్ 8, పొద్దున 6:35
అయినయి తమ్మీ, మూడో తారీకు సంది ఇద్దరు తెచ్చి పెడుతున్నరు, మగది కూడ. నిమిషానికొకసారి అన్నట్టు తిరుగుడే. ముక్కుల సాలీడు కాళ్లు కనిపిస్తయి. ఒక అనుమానం, పోయేటప్పుడు తెల్లటి చిన్న ముద్ద ముక్కుల పట్టుకొని పోతది, గుడ్డు పెంకా అనుకున్న, కాని రోజు తీసుకపోతున్నది.

మిర్యాలగూడ_మేస్టారు
ఏప్రిల్ 8, 7:20
అది పిల్ల రెట్ట తల్లీ. సన్నటి పొరలో మూటలా వస్తుంది, గూడు పాడవకుండా, వాసనకి శత్రువు రాకుండా దూరంగా తీసికెళ్లి పడేస్తాయి. మా మనవరాలి డైపర్లు చూశాక దేవుడు మనుషులకెందుకు ఈ ఏర్పాటు చెయ్యలేదా అనిపించింది.

మందారం_నల్గొండ
ఏప్రిల్ 14, మధ్యాహ్నం 2:10
ఎండ దంచుతున్నది. డాబా నీడ మధ్యాహ్నం రెండు గంటలు దండెం మీద ఉండదు, నేరుగ గూటి మీదనే పడుతది. పిల్లలు నోర్లు తెరుసుకొని ఉంటున్నయి. నీళ్లు చల్లాల్నా?

పాలమూరు_పిట్ట
ఏప్రిల్ 14, 2:25
చల్లకుండ్రి. గూటికి నాలుగైదు అడుగుల దూరంల ఎండ వచ్చే దిక్కు రెండు కర్రలు పాతి పాత చీర అడ్డం కట్టుండ్రి, గాలికి గూటికి తగలకుండ. కట్టుడు ఐదు నిమిషాలల్ల కావాలె, తల్లి దూరం నుంచి చూస్తుంటది. కట్టి లోపలికి పోయి, తల్లి వచ్చిందా లేదా చూడుండ్రి. అర్ధగంటల రాకుంటే తీసెయ్యుండ్రి.

మందారం_నల్గొండ
ఏప్రిల్ 14, 3:05
వచ్చింది. చీర మీద కూసొని ఒకసారి నన్ను తిట్టి లోపలికి పోయింది. మా ఆయన ఆఫీసుకు పోకుండ కర్ర పట్టుకొని నిలబడ్డడు, లీవు పెట్టిండంట, నాతోని చెప్పలే.

మందారం_నల్గొండ
ఏప్రిల్ 20, పొద్దున 9:15
ఎగిరినయి. పొద్దుగాల ఆరున్నరకు ఒకటి బయటికి తల పెట్టింది, తల్లి కరివేపాకు చెట్టు మీది నుంచి పిలుస్తున్నది. చానాసేపు ఆలోచించింది. దుంకింది, ఎగురుడు అనలేం దాన్ని, మునగ కొమ్మకు తట్టుకొని పట్టుకున్నది. రెండోది ఏడుంబావుకు. అది నయం, సక్కగ పోయింది. ఇప్పుడు రెండు కరివేపాకుల ఆకుల సాటున పక్కపక్కన కూసున్నయి, మగది తెచ్చి పెడుతున్నది. తోకలు ఇంక పొట్టిగనే ఉన్నయి.
ఖాళీ గూడు తియ్యాల్నా ఉంచాల్నా?

పాలమూరు_పిట్ట
ఏప్రిల్ 20, 9:40
ఉంచుండ్రి అక్కా. పాత గూడునే సరిచేసుకొని మళ్ల పెట్టుడు ఈ పిట్టకు ఉన్నదే.

జడ్చర్ల_డాబా
ఏప్రిల్ 20, 10:02
అక్కా నాకు ఏడుపొస్తుంది సంతోషంతోని. మందు కొట్టుడు బంద్ పెట్టి నెలదాటింది నేను. గూడు లేదు గాని మందారం మీద సాలీళ్లు అయితే మస్తు అయినయి.

మందారం_నల్గొండ
మే 3, పొద్దున 7:10
ఇయ్యాల మళ్ల వచ్చింది ఆడది. పాత గూడు చుట్టూ రెండుసార్లు తిరిగి, ఆడ కాదు, డాబా మీది కొత్త దండానికి సాలీడు దారం చుట్టి పోయింది. మా ఆయన తడి బట్టల బకెట్ పట్టుకొని మెట్ల మీద నిలబడి, ఇగ ఏడ ఆరేయాలె మీ పాలమూరు తమ్మిని అడుగు అంటుండు.